గ్యాస్ గీజర్ వెలగకపోతే వరసగా ఇలా చూడండి

కార్తీకమాసంలో తెల్లవారుజాము స్నానాలు మొదలైనప్పటి నుంచి మన గోదావరి జిల్లాల్లో గీజర్ మెకానిక్‌లకు ఊపిరి సలపదు. సంక్రాంతి దగ్గర పడేసరికి ఇంకా కష్టం. హైదరాబాదు నుంచి పిల్లలు, కొత్త అల్లుడు, వియ్యాలవారు, ఇంటి నిండా జనం. భోగి తలంట్లకి కుళాయి తిప్పితే టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది, మంట రాదు. పాలకొల్లులోనో అమలాపురంలోనో ఉన్న మెకానిక్‌కి ఫోన్ చేస్తే "పండగెళ్ళాక వస్తానండీ" అంటాడు. తప్పు పట్టలేం, ఆ రోజు అతనికి వచ్చే ఫోన్లు అన్ని.

ఇలా ఆగిపోయిన గీజర్లలో చాలావాటిని ఒక స్క్రూడ్రైవర్, పాత టూత్‌బ్రష్, రెండు కొత్త సెల్స్ ఉంటే ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. గీజర్ ఏ వరసలో పనిచేస్తుందో తెలిస్తే చాలు. ఆ వరస తెలియకే చాలామంది ముందు సిలిండర్ మారుస్తారు, తర్వాత కొత్త రెగ్యులేటర్ తెస్తారు, చివరికి నీళ్ళ ఫిల్టర్‌లో మట్టి పట్టిందని తేలుతుంది.

ఇక్కడ చెప్పేది మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రకం గురించి. గోడకి తగిలించి ఉంటుంది, నిమిషానికి 5, 6 లీటర్ల వేడినీళ్ళు ఇస్తుంది, కింద రెండు పెద్ద సెల్స్ (డి సైజువి) పడతాయి, కుళాయి తిప్పగానే దానంతటదే వెలుగుతుంది.

ముందు ఇది చూడండి: గీజర్ ఎక్కడ ఉంది?

మీ గీజర్ బాత్రూం లోపల ఉంటే, రిపేరు సంగతి తర్వాత. ముందు దాన్ని బయటికి మార్పించండి. ఈ మాట ఎవరైనా చెప్తే "పదేళ్ళ నుంచి వాడుతున్నాం, ఏమీ కాలేదు" అంటారు. లెక్క చూడండి. ఆరు లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకి ఇంచుమించు 900 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. పది నిమిషాల స్నానానికి 150 గ్రాములు. ఒక కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి 15 కిలోలకి పైగా గాలి కావాలి. అంటే ఆ పది నిమిషాల్లో సుమారు రెండు ఘనపు మీటర్ల గాలిలో ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో మొత్తం గాలే ఎనిమిది ఘనపు మీటర్లు ఉండదు. తలుపు వేసుకుని, చలని కిటికీ కూడా మూసుకుని ఇద్దరు ముగ్గురు వరసగా స్నానం చేస్తే లోపల మిగిలేదేమిటో ఊహించుకోండి.

గాలి చాలనప్పుడు గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ పోవడం ఇవే గుర్తులు. చాలామంది వీటిని "వేడినీళ్ళు పడలేదు", "ఉపవాసం కదా" అనుకుంటారు. కార్తీక సోమవారం నాడు ఉపవాసం ఉన్న పెద్దావిడ బాత్రూంలో తూలితే ఇంట్లో అందరికీ ముందు తోచేది నీరసమే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఎవరైనా బాత్రూంలో పడిపోతే ముందు తలుపు తెరిచి మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, రెగ్యులేటర్ కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో "లోపల గ్యాస్ గీజర్ ఉందండీ" అని మీ అంతట మీరే చెప్పండి. కోవిడ్ రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ విషయంలో పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98, 99 చూపిస్తుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ఊరుకోవద్దు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, సెల్స్ మీద నడిచే గీజర్ ఆగదు. పైగా తలుపు బిగించి ఫ్యాన్ వేస్తే కాలిన గాలిని వెనక్కి లాగే ప్రమాదం కూడా ఉంది. గీజర్ ఉండాల్సింది బాత్రూం గోడకి అవతల, దొడ్డివైపు వరండాలోనో వసారాలోనో. వాన పడని, ఈదురుగాలి నేరుగా కొట్టని, అయినా నాలుగువైపులా మూసెయ్యని చోటు చూసి పెట్టించి, వేడినీళ్ళ పైపు ఒక్కటీ గోడలోంచి లోపలికి తీసుకోండి.

గ్యాస్ వాసన వస్తుంటే

అప్పుడు గీజర్ వెలిగించే ప్రయత్నమే చేయకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరవండి. లైటు స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది తీయొద్దు, రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. వంటగ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి నేలబారుగా పాకి గుమ్మం మూలల్లో, తూముల దగ్గర నిలుస్తుంది. నిలబడి వాసన చూసి పోయిందనుకోవద్దు. గాలిలో రెండు శాతం చేరినా అంటుకోవడానికి చాలు. బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి, అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు. ఎక్కడ కారుతుందో చూడాలంటే సబ్బు నురగ రాసి బుడగల కోసం చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తే దయచేసి ఆపండి.

గీజర్ వెలిగే వరస

కుళాయి తిప్పగానే నీళ్ళు గీజర్‌లోకి వస్తాయి. ఆ నీళ్ళ ఒత్తిడికి లోపలున్న రబ్బరు పొర (డయాఫ్రం అంటారు) ఉబ్బి ఒక చిన్న కడ్డీని ముందుకు తోస్తుంది. కడ్డీ ఒక స్విచ్‌ని నొక్కుతుంది. స్విచ్ పడగానే సెల్స్ కరెంటు చిన్న సర్క్యూట్ డబ్బాకి చేరుతుంది. ఆ డబ్బా రెండు పనులు చేస్తుంది: సూదిలాంటి ఎలక్ట్రోడ్ దగ్గర టిక్ టిక్‌మని నిప్పురవ్వలు కొట్టిస్తుంది, గ్యాస్ వాల్వ్‌ని లాగి తెరుస్తుంది. మంట వచ్చాక పక్కనే ఉన్న రెండో సూది ఆ మంటని పసిగట్టి డబ్బాకి చెప్తుంది. అప్పుడు రవ్వలు ఆగి, వాల్వ్ తెరిచే ఉంటుంది. కొన్ని సెకన్లలో మంట కనబడలేదో, డబ్బా గ్యాస్ ఆపేస్తుంది.

నీళ్ళు, స్విచ్, రవ్వ, గ్యాస్, మంట కబురు. ఇదీ వరస. ఇందులో ఎక్కడ ఆగిందో చెవికే చాలావరకు తెలుస్తుంది. కాబట్టి గీజర్ దగ్గర ఒకరు నిలబడండి, లోపల కుళాయి ఇంకొకరు తిప్పాలి. ఏ శబ్దమూ రాకపోతే లోపం నీళ్ళలోనో సెల్స్‌లోనో ఉంది. టిక్ టిక్ వచ్చి మంట రాకపోతే గ్యాస్‌లోనో రవ్వలోనో, ఒక్కోసారి నీరసపడ్డ సెల్స్‌లోనో ఉంది. మంట వచ్చి మూడు నాలుగు సెకన్లలో ఆరిపోతే ఎక్కువసార్లు రెండో సూది, లేదా నీరసపడ్డ సెల్స్. చాలాసేపు వెలిగి ఆరితే అది వేరే కథ, తర్వాత చెప్తాను.

ఒక జాగ్రత్త: ఒకసారి వెలగకపోతే వెంటవెంటనే కుళాయి తిప్పుతూ ఉండకండి. వెలగని ప్రతిసారీ కొంత గ్యాస్ బయటికి వస్తుంది. రెండు మూడుసార్లు చూసి, వెలగకపోతే అయిదు నిమిషాలు వదిలేయండి.

ఏ శబ్దమూ లేదు: ముందు సెల్స్

సెల్స్ డబ్బా గీజర్ అడుగున ఉంటుంది. రెండింటినీ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే కొత్తది కూడా తొందరగా పోతుంది. "మొన్ననే వేశాం, గోడ గడియారంలో పెడితే తిరుగుతున్నాయి కదా" అంటారు కొందరు. గడియారానికి కావలసిన కరెంటు అతి తక్కువ. గ్యాస్ వాల్వ్‌ని లాగడానికి చాలా ఎక్కువ కావాలి. గడియారం తిప్పే సెల్ గీజర్‌కి పనికొస్తుందని ఏమీ లేదు. అందుకే టిక్ టిక్ వస్తున్నా వాల్వ్ తెరుచుకోకపోవడం సెల్స్ నీరసపడ్డాయనడానికి గుర్తు. వీలైతే ఆల్కలైన్ సెల్స్ వేయండి. రీఛార్జ్ చేసే సెల్స్ ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తాయి, రెండూ కలిపి 2.4. గీజర్ అడిగేది 3 వోల్టులు.

సముద్రం దగ్గరున్న ఊళ్ళలో, నరసాపురం, అంతర్వేది, రాజోలు వైపు, సెల్స్ బాగున్నా వాటిని పట్టుకునే రేకులకి పచ్చగా చిలుము పడుతుంది. గాలిలోని ఉప్పుతేమ పని అది. కరెంటు దాటదు. ఎమెరీ కాగితంతో రుద్దితే రేకు మెరుస్తుంది, గీజర్ బతుకుతుంది. ఒక్కోసారి అంతకు మించిన రిపేరు ఉండదు.

సెల్స్ బాగున్నాయి, శబ్దం లేదు: ఇక నీళ్ళు

మన డెల్టాలో ఎక్కువ గొడవ ఇక్కడే, అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

గీజర్ స్విచ్ పడాలంటే నీళ్ళకి కొంత ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మామూలు గీజర్లకి ఇందులో పావు వంతయినా కావాలి, అంటే ట్యాంకులో నీటిమట్టం షవర్ కంటే రెండున్నర మీటర్లు, మన లెక్కలో ఎనిమిదడుగుల పైన ఉండాలి. మీ గీజర్ పుస్తకంలో ఎంత రాశాడో కూడా చూడండి. మన ఇళ్ళలో స్లాబు పదడుగుల ఎత్తున ఉంటుంది, ట్యాంకుని ఆ స్లాబు మీదే నాలుగు ఇటుకలు పేర్చి కూర్చోబెడతారు. షవర్ ఏడడుగుల ఎత్తున ఉంటుంది. ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య తేడా ఎంత? మూడు నాలుగడుగులు. మేడ మీద బాత్రూం అయితే, ట్యాంకు కూడా అదే అంతస్తు పైకప్పు మీద ఉంటే ఇదే గతి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వెలుగుతుంది, సగానికి వచ్చాక వెలగదు. మొదట స్నానం చేసిన నాన్నగారికి వేడినీళ్ళు, ఆఖర్న చేసే అమ్మకి చన్నీళ్ళు. ఇంట్లో ఇదే జరుగుతుంటే గీజర్ విప్పక్కర్లేదు, ట్యాంకు కింద అయిదారడుగుల దిమ్మ కట్టించండి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి. షవర్ బదులు కింద కుళాయి నుంచి బకెట్‌లోకి పట్టుకుంటే నాలుగైదు అడుగుల ఎత్తు కలిసొస్తుంది. పండగ నాలుగు రోజులూ గడిచిపోవడానికి ఆ మాత్రం చాలు.

నీళ్ళు సరిపడా వస్తున్నాయో లేదో కొలవడం తేలిక. వేడినీళ్ళ కుళాయి కింద లీటరు సీసా పెట్టి ఫోన్‌లో సెకన్లు చూడండి. 20 సెకన్లలో నిండితే నిమిషానికి 3 లీటర్లు వస్తున్నట్టు, గీజర్ వెలగాలి. 30 సెకన్లు పడితే నిమిషానికి రెండే. వెలగడం కష్టం.

ట్యాంకు ఎత్తులోనే ఉంది, ఇదివరకు బాగానే వెలిగేది, ఇప్పుడు నీళ్ళు తగ్గాయి అంటే దారిలో ఏదో అడ్డం పడింది. గోదావరికి వరద వచ్చే జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలవల్లోకి వచ్చేది ఎర్రనీరు. ఆ ఒండ్రు ఎంత వడపోసినా కొంత ఊరి ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి ఇంటి ట్యాంకుల్లోకి చేరి అడుగున పేరుకుంటుంది. ఆ నెలల్లో గీజర్ వాడం కాబట్టి తెలియదు. కార్తీకంలో వాడకం పెరిగేసరికి అడుగుమట్టి కదిలి వచ్చి గీజర్ నోటి దగ్గర ఉన్న జల్లెడలో కూర్చుంటుంది.

జల్లెడ శుభ్రం చేయడం ఇలా. రెగ్యులేటర్ కట్టేసి, సెల్స్ తీసేయండి. ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళకి గేట్ వాల్వ్ ఉంటే మూయండి. గీజర్ అడుగున రెండు నీళ్ళ పైపులు, ఒక గ్యాస్ పైపు ఉంటాయి. చన్నీళ్ళు లోపలికి వచ్చే పైపు ఏదో గీజర్ మీద నీలం గుర్తుతో ఉంటుంది. ఏది ఏదో ఖాయం చేసుకున్నాకే స్పానర్ పట్టండి, గ్యాస్ పైపు నట్టు జోలికి మాత్రం వెళ్ళొద్దు. చన్నీళ్ళ నట్టు విప్పితే లోపల వేలి కొనంత జల్లెడ కనిపిస్తుంది. దాన్ని టూత్‌బ్రష్‌తో కడిగి, ఎండలోకి పట్టి చూస్తే కన్నాలన్నీ తెరుచుకున్నాయో లేదో తెలుస్తుంది. రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటే మార్చండి. బిగించే ముందు గేట్ వాల్వ్ కొద్దిగా తెరిచి పైపులో మిగిలిన మట్టి బకెట్‌లోకి పోనివ్వండి. లేకపోతే ఆ మట్టంతా మళ్ళీ కొత్తగా కడిగిన జల్లెడలోకే.

జల్లెడ బాగుంటే షవర్ చూడండి. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో, చెరువులు ఎక్కువగా ఉన్న భీమవరం వైపు, కోనసీమ తీరాన, షవర్ కన్నాలు తెల్లని పొరతో పూడుకుపోతాయి. షవర్ తలకాయ విప్పేసి నీళ్ళు వదిలినప్పుడు గీజర్ వెలిగితే దోషం షవర్‌దే. నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టండి.

ఇంకో అలవాటు: నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని చన్నీళ్ళ కుళాయి కూడా పూర్తిగా తిప్పుతారు. దాంతో గీజర్ గుండా వెళ్ళే నీళ్ళు తగ్గి మంట ఆరిపోతుంది. మనకి ఎంత చలైనా ట్యాంకు నీళ్ళు మరీ చల్లగా ఉండవు కాబట్టి పూర్తి మంట అవసరం లేదు. గ్యాస్ నాబ్ తగ్గించండి, నీళ్ళ నాబ్ పెంచండి. వేసవి, శీతాకాలం అని మార్చే నాబ్ ఉంటే వేసవి వైపు పెట్టండి, బర్నర్‌లో కొంత భాగమే వెలుగుతుంది. గ్యాస్ కూడా మిగులుతుంది.

ఇవన్నీ అయ్యాక, నీళ్ళు ధారగా వస్తున్నా, సెల్స్ కొత్తవైనా, శబ్దం లేకపోతే డయాఫ్రం చిరిగి ఉండాలి, లేదా కడ్డీ బిగుసుకుపోయి ఉండాలి. అది మెకానిక్ పని. దీనికి తిరగబడిన లోపం ఇంకోటుంది, అది చాలా ప్రమాదం: కుళాయి కట్టేసినా మంట ఆరదు. కడ్డీ తోసిన చోటే ఇరుక్కుపోయిందన్నమాట. లోపలి నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. వెంటనే రెగ్యులేటర్ కట్టేయండి, బాగు చేయించేదాకా మళ్ళీ తెరవకండి.

టిక్ టిక్ ఉంది, మంట లేదు

అదే సిలిండర్ మీద పొయ్యి ఉంటే ముందు పొయ్యి వెలిగించండి. అదీ వెలగకపోతే సంగతి తేలిపోయింది. గీజర్ ఎంత గ్యాస్ తాగుతుందో చాలామందికి అంచనా ఉండదు. నలుగురు మనుషులు పూర్తి మంట మీద పదేసి నిమిషాలు వాడితే రోజుకి 600 గ్రాములు. వంట సంగతి పక్కన పెట్టినా 14.2 కిలోల సిలిండర్ మూడు వారాలు దాటి రెండు మూడు రోజులు వస్తుంది, అంతే. చుట్టాలు దిగిన ఇంట్లో ఇంకా ముందే అయిపోతుంది.

కొత్త సిలిండర్ పెట్టిన వెంటనే వెలగకపోతే పైపులో గాలి ఉందన్నమాట, మధ్యలో విరామం ఇస్తూ కొన్నిసార్లు ప్రయత్నిస్తే గ్యాస్ చేరుతుంది.

పొయ్యి వెలుగుతూ ఉండగా గీజర్ మంట నీరసంగా ఉంటే, రెండూ ఒకే రెగ్యులేటర్ మీద ఉన్నాయేమో చూడండి. అరిసెలు వండుతుండగా అవతల స్నానం పెట్టుకుంటే ఇద్దరికీ ఇబ్బందే. ఒత్తిడి చాలడం లేదని టిఫిన్ బండ్ల వాళ్ళు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి పెట్టేవాళ్ళున్నారు. అది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఇంటి గీజర్ వాల్వులు ఆ ఒత్తిడికి చేసినవి కావు. సిలిండర్‌ని పడుకోబెట్టడం, వేడినీళ్ళు పోయడం కూడా వద్దు. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గర ఆవిరవుతాయి. మన పుష్యమాసం చలి వాటికి లెక్కలోది కాదు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి దిగుతుంది.

పైపు కూడా ఒకసారి చేతితో తడమండి. రబ్బరు పైపు మీటరున్నర మించకూడదు, గోడలోంచి పోనివ్వకూడదు, అయిదేళ్ళకి మార్చాలి. దూరం ఎక్కువైతే రాగి పైపు వేయించండి. మడత పడినా, పెరట్లో ఎలుక కొరికినా అక్కడికక్కడే మార్చేయాలి.

గ్యాస్ బాగానే ఉంటే ఇక రవ్వ. లైటు తీసి చీకట్లో గీజర్ అద్దంలోంచి చూడండి. నీలం రవ్వ సూది కొన నుంచి బర్నర్ మీదకి దూకాలి. పక్కన రేకు మీదకి దూకుతుంటే సూది చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ పగిలిందని అర్థం, సూది మార్చాల్సిందే. సూది కొన బర్నర్‌కి మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, ఎడం ఎక్కువైతే రవ్వ సరిగా దూకదు.

వెలిగేటప్పుడు ధబ్‌మని శబ్దం వస్తే ఊరుకోకండి. రవ్వ ఆలస్యంగా పడి, అప్పటికే పేరుకున్న గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంటోందన్నమాట. ఇలాంటప్పుడు అద్దానికి మొహం దగ్గరగా పెట్టి చూడకూడదు. గీజర్ కట్టేసి బర్నర్ శుభ్రం చేయించండి.

వెలిగి వెంటనే ఆరిపోతోంది

సెల్స్ మార్చినా ఇలాగే ఉంటే రెండో సూది మీద మసో తెల్లని పొరో పట్టి ఉంటుంది. మంట ఉన్నా ఆ సూది డబ్బాకి చెప్పలేకపోతోంది, డబ్బా తన పని తాను చేసి గ్యాస్ ఆపేస్తోంది. ఇది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. విసుగొచ్చి ఆ వైరుని తప్పించి నడిపించమని ఎవర్నీ అడగొద్దు.

ముందు కవరు విప్పాలి. రెగ్యులేటర్ కట్టి, సెల్స్ తీసి, గీజర్ చల్లారాక నాబ్‌లు ముందుకి లాగితే ఊడి వస్తాయి. స్క్రూలు తీసి కవరు ఎత్తండి, డిస్‌ప్లే ఉన్న గీజర్ అయితే దాని వైరు తెగకుండా చూసుకోండి. ఎలా ఉందో ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రెండు సూదుల్లో లావు వైరు ఉన్నది రవ్వది, సన్న వైరు ఉన్నది మంట పసిగట్టేది. సన్న ఎమెరీ కాగితాన్ని మడిచి రెండో సూదిని మెల్లగా రుద్దండి. వంచొద్దు, అది మంటలోనే ఉండాలి. దాని వైరు వదులుగా ఉంటే గట్టిగా నొక్కండి.

కవరు విప్పారు కాబట్టి బర్నర్ కూడా చూడండి. వేసవంతా వాడని గీజర్‌లో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టడం మన దగ్గర మామూలే. దానికి వేలు పట్టేంత గొట్టం కనిపిస్తే చాలు, బర్నర్‌లోకి గాలి వెళ్ళే కన్నాలు సరిగ్గా ఆ సైజే. సాలెగూళ్ళు కూడా ఉంటాయి. గాలి దారి మూసుకుపోతే మంట పసుపుపచ్చగా మారుతుంది, మసి పైనున్న రాగి రేకుల మధ్య పేరుకుంటుంది, కాలిన గాలికి పైకి పోయే దారి ఉండదు, మళ్ళీ కార్బన్ మోనాక్సైడ్ దగ్గరికే వస్తాం. గూడుని పుల్లతో విరిచి లోపలికి నెట్టకండి, బయటికి లాగండి. పొడి బ్రష్‌తో దులిపి, సైకిలు పంపుతో ఊదండి. రాగి రేకుల నిండా మసి ఉంటే మెకానిక్‌తో విప్పించి కడిగించడం మేలు. అంతా బిగించాక మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా ఊగుతుంటే వాడకండి.

చాలాసేపు వెలిగి ఆరిపోతోంది

సరిగ్గా ఇరవై నిమిషాల దగ్గర ఆరితే అది రోగం కాదు, చాలా గీజర్లలో ఆ టైమర్ ఉంటుంది. కుళాయి కట్టి మళ్ళీ తిప్పితే వెలుగుతుంది. నీళ్ళు మరీ కాగిపోయి ఆరితే లోపలి వేడి స్విచ్ కాపాడింది, నీళ్ళ నాబ్ పెంచండి. గాలి వీచినప్పుడల్లా ఆరితే గీజర్‌కి పక్కన ఒక రేకు అడ్డం పెట్టించండి, పైన మాత్రం ఖాళీ వదలాలి.

ఉప్పునీళ్ళ ఊళ్ళలో కొన్నేళ్ళకి నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతుంటే రాగి గొట్టంలో సున్నం పొర పట్టిందన్నమాట. నిమ్మఉప్పు నీళ్ళతో కడిగించండి. బాత్రూం యాసిడ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు, అది ఇత్తడి జాయింట్లని తినేస్తుంది. రాగి గొట్టమే కారుతుంటే అతుకు వేయించినా ఎక్కువ కాలం నిలవదు, పక్కనే ఇంకో చోట కన్నం పడుతుంది. ఆ భాగం మార్పించడమో కొత్త గీజర్ కొనడమో ఆలోచించండి. కొంటే ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి.

మెకానిక్‌ని పిలిచేటప్పుడు

"గీజర్ పనిచేయట్లేదండీ" అని ఊరుకోకుండా, చూసిన వరస చెప్పండి: "సెల్స్ కొత్తవి వేశానండీ, లీటరు సీసా ఇరవై సెకన్లలో నిండుతోంది, టిక్ టిక్ వస్తోంది, పొయ్యి బాగానే వెలుగుతోంది, గీజర్‌లో మంట రావట్లేదు." అది విన్న మెకానిక్ సరైన విడిభాగం వెంట తెచ్చుకుంటాడు, మీకు రెండో ట్రిప్పు ఖర్చు తప్పుతుంది. పని అయ్యాక అతను ఉండగానే గ్యాస్ జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాయించండి, కుళాయి మూడుసార్లు కట్టి తిప్పి మంట వెంటనే ఆరుతోందో, వెంటనే వెలుగుతోందో చూడండి.

ఉగాది తర్వాత గీజర్ వాడరు కాబట్టి అప్పుడే సెల్స్ తీసి పక్కన పెట్టండి, లోపలే వదిలేస్తే కారి రేకుల్ని తినేస్తాయి. గీజర్ చల్లారాక, రెగ్యులేటర్ కట్టి ఉందని చూసుకుని, పురుగులు దూరకుండా పలచని గుడ్డ కప్పి కట్టండి. గుడ్డ మీద కనబడేలా ఒక చీటీ అంటించండి: "గుడ్డ తీయకుండా వెలిగించొద్దు." దసరా సెలవుల్లో ట్యాంకు కడిగించి, జల్లెడ కడిగి, గుడ్డ తీసి, కొత్త సెల్స్ వేసి ఒకసారి వెలిగించి చూడండి. అప్పుడైతే మెకానిక్ కూడా ఫోన్ చేసిన రోజే వస్తాడు.